చప్పుడు విని చైన్ కొనకు

చిన్నా,

మోటార్‌సైకిల్ పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటోందని, కాస్త రేజ్ చేస్తే తగ్గుతోందని రాశావు. ఎవరో టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపల వాల్వుల్ని వేళకి తెరిపించే గొలుసు) పోయిందనగానే కొత్తదాని కోసం వెతుకులాట కూడా మొదలుపెట్టావట. కొంచెం ఆగు. అది నిజంగా పోయిందో లేదో ముందు చూద్దాం.

చల్లటి ఇంజిన్‌లో గలగలకి కారణాలు చాలా. క్లచ్ పట్టుకుని చూడు, చప్పుడు మారితే గొడవ అటు వైపుది. వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లు లూజైతే ఇంజిన్ పైభాగంలో, హెడ్ దగ్గర టిక్ టిక్‌మని లెక్కపెట్టేలా వినిపిస్తుంది. రెండు మూడు కార్బురేటర్లున్న బండిలో అవి సమంగా లాగకపోతే ఐడిల్‌లో అచ్చం చైన్ కొట్టుకున్నట్టే ఉంటుంది. నేనూ ఒకసారి అలా మోసపోయి ఇంజిన్ విప్పాను. లోపల చైన్ నిక్షేపంగా ఉంది! పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విను. చైన్ నడిచే వైపు బోరు (సిలిండర్) పక్కన గీసుకుంటున్నట్టు వినిపిస్తే అనుమానం గట్టిపడినట్టే.

చైన్ సాగింది అంటాం గానీ ఇనుము సాగదు. ప్రతి లింకులో పిన్నూ, దాని చుట్టూ ఉన్న బుష్షూ వెంట్రుకవాసి అరుగుతాయి. వంద లింకుల అరుగుడు కలిస్తే చైన్ పొడుగవుతుంది. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి కదా, చైన్ పొడుగయ్యేకొద్దీ క్యామ్ కాస్త వెనకబడుతుంది. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుని తక్కువ స్పీడులో లాగుడు తగ్గుతుంది. స్పార్క్ ఇప్పించే పాయింట్లు క్యామ్ చివర ఉండే పాత బండ్లలోనైతే స్పార్క్ కూడా వెనకబడుతుంది.

ఈ వెనకబాటు కంటికి కనిపిస్తుంది. ప్లగ్ తీసేసి, క్రాంక్ కొసన ఉండే మ్యాగ్నెట్ బోల్టుకి స్పానర్ వేసి, ఇంజిన్ నడిచే దిశలోనే మెల్లగా తిప్పుతూ, పిస్టన్ పైకొసకి వచ్చిందని చెప్పే టి గుర్తు దగ్గర ఆపు. గుర్తు దాటిపోతే వెనక్కి లాగకు, లూజంతా అవతలి వైపుకి పోయి లెక్క తప్పుతుంది. మళ్ళీ రెండు చుట్లు తిప్పుకో. ఇప్పుడు క్యామ్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) మీది గీత హెడ్ అంచుతో కలిసిందా చూడు. ఒక పన్నంత తేడా ఉంటే చైన్ ఎగిరిందన్నమాట, లేదా పోయినసారి ఎవరో తప్పు బిగించారు. అంతకన్నా తక్కువగా వెనకబడితే అది అరుగుదల.

ఇక టెన్షనర్, అంటే చైన్‌ని లూజు కాకుండా తోసిపట్టి ఉంచేది. నన్నడిగితే అసలు సాక్ష్యం అదే. ఆటోమేటిక్‌దైతే ముందు మధ్యలో ఉన్న బోల్టు విప్పి స్ప్రింగు తీసెయ్, ఆ తరవాతే టెన్షనర్‌ని పట్టి ఉంచే పక్క బోల్టులు. అప్పుడు లోపలి కడ్డీ ఉన్నచోటే ఉంటుంది. దాని మీద రంపంలా ఉండే పళ్ళలో ఎన్ని బయటికొచ్చాయో, ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టు. సగమే వచ్చి ఉంటే చైన్‌కి ఇంకా ఆయుష్షుంది. చివరి పన్ను దాకా వచ్చేసి ఉంటే ఇక తోసే చోటు లేదు, మార్చాల్సిందే. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ క్రాంక్ తిప్పకు. తిరిగి పెట్టేటప్పుడు కడ్డీని పూర్తిగా లోపలికి నొక్కి, బాడీ బిగించి, ఆఖరున స్ప్రింగు వెయ్యి.

ఈ వరస ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, కుర్రతనంలో నేను పక్క బోల్టులు రెండు చుట్లు లూజు చేసి, ఏమీ కాలేదులే అని మళ్ళీ బిగించేశాను. ఆ రెండు చుట్లలో లోపల టిక్, టిక్ అని రెండు పళ్ళు ముందుకొచ్చేశాయి. బిగించేసరికి చైన్ వీణ తీగలా అయింది. ఇంజిన్ సన్నగా ఊళ వేయడం మొదలుపెట్టింది, చైన్‌కి దారి చూపే గైడ్ పట్టీ చీలింది. టెన్షనర్ అని ఊరికే పేరు పెట్టలేదు, దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

గైడ్ పట్టీలు కూడా చూడు. పాతబడితే గట్టిపడి పెచ్చులూడుతాయి. ఆయిల్ జాలీలో నల్లటి రబ్బరు ముక్కలు కనిపిస్తే ఇక విప్పక తప్పదు. స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే వాటినీ మార్చాలి, లేకపోతే కొత్త చైన్‌నీ తినేస్తాయి.

సరే, మార్చాల్సిందే అని తేలిందనుకో. బండి పేరు చెప్పి అడిగితే 'ఆ మోడల్ ఆగిపోయింది' అంటారు. చైన్ పేరు చెప్పి అడుగు. పాత చైన్ లింకుల పక్క రేకుల మీద అక్షరాలుంటాయి. శుభ్రంగా తుడిచి భూతద్దంతో చూడు, 25హెచ్ అనో, 219 అనో, 82ఆర్‌హెచ్ అనో ఉంటుంది. తరవాత లింకులు లెక్కపెట్టు, ఒకటికి రెండుసార్లు. డి.ఐ.డి., సుబాకి లాంటి కంపెనీల చైన్లు ఈ నంబరూ లింకుల లెక్కతోనే దొరుకుతాయి. అదే చైన్ వేరే మోడళ్ళకీ వేసి ఉండొచ్చు, పార్ట్ నంబరు మారి ఉండొచ్చు కూడా. స్పేర్ పార్టుల పట్టికలో పాత నంబరుకి బదులుగా ఏది వచ్చిందో చూసుకో. 25హెచ్ అయితే లింకు నుంచి లింకుకి 6.35 మిల్లీమీటర్లు. కొత్తదాన్ని లాగిపట్టి ఒక పిన్ను ఎడమ అంచు నుంచి ఇరవై ఒకటో పిన్ను ఎడమ అంచు దాకా వెర్నియర్‌తో కొలిస్తే 127 రావాలి. పాతదాన్నీ అలాగే కొలిచి, మాన్యువల్లో ఉన్న పరిమితితో పోల్చు. పళ్ళ చైన్ (రేకులే పళ్ళుగా ఉండేది) ఉన్నచోట బుష్ చైన్ (పిన్ను చుట్టూ బుష్ ఉండేది) వెయ్యకు, స్ప్రాకెట్‌తో కుదరదు. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న కొత్త సరుకు దొరికితే చైన్ తీసుకో, తుప్పు లేకపోతే చాలు. రబ్బరు పట్టీలు మాత్రం వద్దు, పెట్టెలోనే ముసలివైపోయి ఉంటాయి.

కొన్ని ఇంజిన్లలో చైన్ తెంచకుండా పూర్తి చుట్టుగా మార్చాలంటే ఇంజిన్ కేసులు విడదీయాలి. అలాంటిచోట పాతదాన్ని తెంచి, దాని కొసకి కొత్తదాన్ని కట్టి, క్రాంక్ తిప్పుతూ లోపలికి లాగుతారు. ముందు చైన్ సందులో గుడ్డ కుక్కు, తెంచిన పిన్ను లోపల పడితే రోజంతా దానికే. కలిపే లింకు రివెట్‌దే (పిన్ను కొస నొక్కి బిగించేది) కావాలి, క్లిప్ లింకు అసలు వద్దు. ఆ పని నీకు ముందే అలవాటు లేకపోతే రివెట్ కొట్టే పనిముట్టున్న మనిషి చేతే చేయించు.

అంతా అయ్యాక ప్లగ్ పెట్టకుండా చేత్తో క్రాంక్‌ని రెండు నిండు చుట్లు తిప్పు. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకు, వాల్వు పిస్టన్‌కి తగులుతున్నట్టు.

వచ్చే ఆదివారం టెన్షనర్ తీసి, ఎన్ని పళ్ళు మిగిలాయో రాయి. చైన్ సంగతి ఆ తరవాత మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న