మొదలుపెట్టినదాన్ని చివరిదాకా నువ్వే అల్లు

చి. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. గ్లాస్గోలో నాలుగింటికే చీకటి పడిపోతోందనీ, ఫోన్ చూసీ చూసీ విసుగొచ్చేస్తోందనీ రాశావు. అల్లిక నేర్చుకోవాలనుంది, కొక్కెం ఉన్న ఒక్క సూదితో అల్లే క్రోషా మంచిదా, రెండు సూదులతో స్వెట్టర్లల్లే పని మంచిదా అని అడిగావు. కింద మీ అమ్మ ‘నేర్చుకుంటే ఇన్‌స్టాలో పెట్టి అమ్ముకోవచ్చు కూడా’ అని ఓ ముక్క తగిలించింది. ముందు దాని సంగతి తేల్చి, తర్వాత నీ ప్రశ్నకొస్తాను.

అమ్మకానికి పెట్టకు. కనీసం ఓ ఏడాది వరకూ ఆ ఊసే ఎత్తకు. ఎందుకంటున్నానో మీ అమ్మకీ తెలుసు, మేమిద్దరం పుట్టి పెరిగింది నర్సాపురం పక్క పల్లెలోనే కదా. అక్కడ క్రోషా సూదితో అల్లే లేసంటే కాలక్షేపం కాదు, కూలి పని. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లినవి మళ్లీ తూచి పట్టుకెళ్లేవాడు. మీ అమ్మమ్మది చేతిపని, అంటే పువ్వులు అల్లడం. ఆ పువ్వులన్నిటినీ జతచేసేది అతుకు పని. అది వేరే వీధిలో వేరేవాళ్లు చేసేవారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేవరకూ లేచేది కాదు. అన్నేళ్లు అన్ని పువ్వులు అల్లింది కానీ, అవన్నీ కలిపితే దుప్పటి ఎలా ఉంటుందో అమ్మ ఒక్కసారీ చూడలేదు. అది అతుకు పడగానే ఏ దేశానికో వెళ్లిపోయేది. చేతికొచ్చే డబ్బులు ఉప్పూ పప్పులకి సరిపోతే గొప్ప. 2024లో నర్సాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకని ప్రభుత్వమిచ్చే గుర్తింపు, వచ్చిందని పేపర్లో చదివి సంబరపడ్డాను. ఊరికి పేరొచ్చింది, బాగానే ఉంది, అల్లేవాళ్ల కూలి కూడా పెరిగిందని ఎవరైనా చెబితే ఇంకా సంబరపడతాను.

అందుకే నీకు నేను చెప్పేది ఒకటే. ఎంత చిన్నదైనా సరే, మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా నువ్వే అల్లు, నీకోసమే అల్లు. నేను పెళ్లయ్యాక మొదటిసారి ఓ గుమ్మం తోరణం పూర్తిగా అల్లి, ద్వారానికి కట్టి, వీధిలోకి వెళ్లి నిలబడి చూసుకున్నాను. ఈ పనిలో ఇంత సంతోషం ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. (ఆ తర్వాత టీవీకీ, టెలిఫోనుకీ, రేడియోకీ కూడా ముసుగులు వేశాననుకో. ఆ రోజుల్లో ఎవరింట్లో చూసినా అంతే.)

ఇంతకీ ఏది ముందు? క్రోషా. ఒక్క సూది, దాని మీద ఎప్పుడు చూసినా ఒక్కటే ముడి. బెల్ మోగితే ఆ ముడిని కాస్త వదులుగా లాగి వదిలేసి వెళ్లిపోవచ్చు. రెండు సూదుల పనిలో వరుసలోని ముళ్లన్నీ సూది మీదే ఉంటాయి, ఒకటి జారిందంటే కింది వరుసలు కూడా జారుకుంటూ పోతాయి. అది నేను భిలాయ్‌లో నేర్చుకున్నాను. మీ పెదనాన్న స్టీల్ ప్లాంటులో చేసేటప్పుడు, క్వార్టర్స్ ముందు చలికాలం ఎండలో పంజాబీ ఆడవాళ్లు నులకమంచాల మీద కూర్చుని, మాటలు మాటలే, చేతులు చేతులే, సూదుల వంక చూడను కూడా చూడకుండా స్వెట్టర్లు అల్లేసేవారు. ఆ అల్లిక సాగుతుంది, ఒంటికి పట్టుకుంటుంది. స్వెట్టరుకీ మేజోళ్లకీ అదే సరి. సంచీకీ, టీపాయ్ గుడ్డకీ క్రోషా. ఇంకో సంగతి. మేజోళ్లు అల్లే మెషీను 1589లోనే ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన కనిపెట్టాడు. క్రోషా మాత్రం ఈనాటికీ చేత్తో అల్లాల్సిందే. షాపులో మరీ చవగ్గా క్రోషా టాప్ కనబడితే, అల్లినవాళ్లకి ఎంతిచ్చి ఉంటారా అని ఒక్క క్షణం ఆలోచించు.

అన్నట్టు మన గోదావరికి లేసు అల్లిక తెచ్చింది మీ ఊరి వైపువాళ్లే. 1844లో దుమ్ముగూడెంలో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు నేర్పారని చెబుతారు. కాబట్టి అక్కడ దారం కొట్లో సిగ్గుపడకుండా అడుగు. మీ ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేంత పల్చటి శాలువాలు అల్లేవారట. అది నువ్వూ నేనూ ఆశపడే పని కాదులే.

నువ్వు 4 ఎంఎం సూదీ, మధ్యరకం లావు ఊలూ తీసుకో. లేత రంగు కొను. నలుపయితే ముడి కనబడదు, నూగుగా ఉంటే విప్పినప్పుడు చిక్కుపడుతుంది. నా దగ్గరున్న సన్నటి స్టీలు లేసు సూది మీద ఇప్పుడే మనసు పడకు. దారాన్ని ఎడమచేతి చిటికెన వేలికి ఒక్క చుట్టు చుట్టి, మధ్య రెండు వేళ్ల కిందుగా తెచ్చి, చూపుడు వేలి మీదుగా పోనీ. దారం వదులూ బిగువూ చూసుకునేది ఆ చిటికెన వేలే. కొత్తవాళ్లు టెన్షన్‌తో దారాన్ని బిగలాగేస్తారు, రెండో వరుసకి సూది దూరదు. మొదటి చైన్, అంటే గొలుసులా అల్లే మొదటి వరుస, ఎంత వదులుగా ఉంటే అంత మంచిది. ప్రతి వరుస చివరా లెక్కపెట్టు. చివరి కుట్టు అంచున నక్కి ఉంటుంది, కంటికి ఆనదు. దాన్ని వదిలేస్తూ పోతే చదరంగా రావాల్సింది ముక్కోణమైపోతుంది. అక్కడో పిన్నీసు గుచ్చుకుంటే చాలు.

మొదట గ్లాసు కింద పెట్టుకునే గుండ్రటి గుడ్డ అల్లు. సింగిల్ కుట్టుతో, అంటే క్రోషాలో మొదట నేర్చుకునే పొట్టి కుట్టుతో, చుట్టుకి 6 చొప్పున పెంచుకుంటూ పో: 6, 12, 18, 24. తక్కువ పెంచితే అంచు పైకి లేస్తుంది, ఎక్కువ పెంచితే కుచ్చిళ్లు పడుతుంది. వీడియో చూసి నేర్చుకుంటే అది అమెరికావాళ్లదో బ్రిటన్‌వాళ్లదో ముందు కనుక్కో. నేను చెప్పిన సింగిల్ అమెరికావాళ్ల లెక్క, దాన్నే బ్రిటన్‌వాళ్లు డబుల్ అంటారు.

తప్పు పోతే విప్పెయ్. మాడిన కూరని మళ్లీ పచ్చి కూర చెయ్యలేం కానీ, విప్పిన దారం మళ్లీ దారమే. ఇంట్లో ఇంకే పనికీ ఈ వెసులుబాటు లేదు. పైగా చెయ్యి అల్లుతూ నోరు లెక్కపెడుతున్నంతసేపూ, ఆఫీసులో ఎవరో అన్న మాట మనసులోకి రాదు. వచ్చిందా, లెక్క తప్పుతుంది. అత్తగారి ఇంట్లో నాకు ఈ లెక్కలు చాలా సాయం చేశాయి, ఇంతకంటే రాయను.

మీ లైబ్రరీలో అల్లికవాళ్లు వారానికోసారి కలుస్తారేమో కనుక్కో. నీకు కొత్తవాళ్లతో మాట్లాడటం ఇబ్బంది కదా. చేతిలో అల్లిక ఉంటే గంటసేపు నోరు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడాలనిపిస్తే ‘ఈ ఊలు ఎక్కడ కొన్నారు’ అంటే సరిపోతుంది.

రోజంతా కంప్యూటర్ మీద ఉండే చేతులు నీవి. అరగంటకోసారి సూది పక్కన పెట్టి మణికట్టు తిప్పు. నొప్పి పుడితే ఆ రోజుకి ఆపెయ్, ఈ వరుస అయ్యాక అనకు. నూలు దారంతో అల్లినవాటికి పల్చగా గంజి పెట్టి, అంచులు లాగి, పిన్నులు గుచ్చి ఆరబెడితే ఆకారం నిలుస్తుంది. ఊలుకి గంజి వద్దు. చన్నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టు.

పెద్ద వస్తువేదైనా మొదలుపెట్టేటప్పుడు ఊలంతా ఒకేసారి కొను. లేబుల్ మీద లాట్ నంబరు ఉంటుంది, అన్ని ఉండల మీదా అదే ఉండాలి. లాట్ మారితే రంగు పేరు ఒకటే అయినా ఛాయ తేడా వస్తుంది, శాలువా మధ్యలో గీత గీసినట్టు కనబడుతుంది. కొన్నాక లేబుల్ ఫోటో వాట్సాప్‌లో పెట్టు, ఎన్ని ఉండలు పడతాయో లెక్కేసి చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ