రోజూ డంబెల్స్ ఎత్తుతున్నా జబ్బలు లావెక్కడం లేదు. ఎందుకు?

రోజూ వేగంగా బైసెప్స్ కర్ల్ (మోచేయి వంచి డంబెల్ పైకెత్తడం) చేస్తున్నారు, టేపు మాత్రం కదలడం లేదు. అదే కదా మీ బాధ? కడపలో చాలాకాలంగా కసరత్తు చేస్తూ, కొత్తగా వచ్చే కుర్రవాళ్లకు నేర్పుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

జబ్బ లావులో దాదాపు మూడింట రెండు వంతులు వెనకవైపున్న ట్రైసెప్స్ కండదే. అద్దంలో ఎదురుగా కనబడదు కాబట్టి చాలామంది దాన్ని వదిలేస్తారు. దానికి మూడు పాయలు. వాటిలో పొడవైనది రెక్క ఎముక దగ్గర మొదలై, భుజం కీలు దాటి మోచేతి మొన దాకా వస్తుంది. అందుకే చేయి పైకెత్తి డంబెల్‌ను తల వెనక్కి దించినప్పుడు అది బాగా సాగుతుంది. జిమ్ యంత్రానికి వేలాడే కేబుల్‌ను కిందికి నొక్కితే ఆ సాగుడు రాదు. దండీలను కూడా తక్కువగా చూడకండి. అరచేతులు దగ్గరగా ఆనించి తీస్తే ట్రైసెప్స్‌కు గట్టి పని పడుతుంది.

ఇక జబ్బ ముందువైపు కండ, బైసెప్స్. మోచేయి వంచి, రెండో చేత్తో కండ పట్టుకుని, అరచేతిని కిందికీ పైకీ తిప్పి చూడండి. పైకి తిప్పగానే కండ వేళ్ల కింద ఉబుకుతుంది. ముంజేతిని అలా తిప్పడం కూడా దాని పనే. అరచేయి కిందికి ఉంటే, మోచేయి వంచే భారం ఎక్కువగా దాని అడుగున ఉన్న బ్రాకియాలిస్ అనే కండ మోస్తుంది. బొటనవేలు పైకి ఉంచి చేసే హామర్ కర్ల్ దానికీ, ముంజేతికీ మంచిది.

ఎర్రగుంట్ల వైపు వెళ్తే నాపరాళ్లు దించే కూలీల ముంజేతులు గమనించండి. బండ పగలకూడదు కాబట్టి అంచును వేళ్లతో బిగించి, మెల్లగా నేలకు ఆనిస్తారు. మీ డంబెల్‌ను కూడా అలాగే దించండి, రెండు మూడు సెకన్లు పట్టాలి. ఈ ఒక్క మార్పుతోనే మీరిప్పుడు ఎత్తే బరువు బరువుగా అనిపిస్తుంది.

రోజూ చేయడం మాత్రం ఆపండి. రెండుసార్ల మధ్య కనీసం 48 గంటలు విరామం ఇవ్వండి. 12 సార్లు శుభ్రంగా ఎత్తగలిగాకే బరువు పెంచండి. శరీర బరువులో కిలోకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ అందాలి. వంద గ్రాముల వేరుశనగలో 25 గ్రాముల దాకా ఉంటుంది, కానీ కొవ్వు దానికి దాదాపు రెట్టింపు. కాబట్టి గుడ్లు, ఉలవలు, పెరుగు కూడా కలుపుకోండి.

కర్ల్ చేసేటప్పుడు మణికట్టు లాగితే నిటారు కడ్డీ పక్కనపెట్టి వంపుల కడ్డీ వాడండి.