డైట్ చార్ట్ నాకు రోజూ సాయంత్రం ఐదున్నరకే తప్పేది

ప్రశ్న: "మాది ఉప్పల్, ఆఫీసు మాదాపూర్. క్యాబ్‌లో వెళ్లొస్తాను. ఇద్దరు పిల్లలు. ఏ డైట్ ప్లాన్ మొదలుపెట్టినా పది రోజులు దాటడం లేదు, వాకింగ్ కూడా అంతే. ఇలాంటి రోజువారీ పరుగులో ఎవరైనా నిజంగా కొనసాగించగలిగారా? ఎలా?"

మీ ప్రశ్నలో ఉప్పల్ తీసేసి హబ్సిగూడ అని పెడితే అది కొన్నేళ్ల కిందటి నా ప్రశ్నే. ఆఫీసు కూడా మీ మాదాపూరే. కాబట్టి డాక్టర్‌లా కాదు, పక్క స్టేషన్ మనిషిలా చెప్తాను.

2023 ఆగస్టులో మా ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టారు. నాకప్పుడు 41. రిపోర్ట్ వచ్చిన రోజే టీమ్‌లో ఎవరిదో బర్త్‌డే, కేక్ ముక్క చేత్తో పట్టుకునే మెయిల్ తెరిచా. బరువు 74 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు మెట్టు. నడుము కొలత మన ఆడవాళ్లకు 80 దాటితేనే జాగ్రత్తపడాలంటారు. కేక్ మాత్రం తినేశా, అబద్ధం ఎందుకు.

ఆ భయంలో ఇంటి దగ్గరి జిమ్‌లో ఏడాదికి 14 వేలు కట్టా. వాళ్లే ఒక డైట్ చార్ట్ చేతిలో పెట్టారు. పొద్దున క్వినోవా ఉప్మా, పదకొండుకు గ్రీన్ యాపిల్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, ఒక కప్పు కూర, కీర ముక్కలు, రాత్రి ఏడుకు సూప్. రాత్రి ఏడుకు నేను అమీర్‌పేట దాటి బేగంపేట దగ్గర మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడి ఉంటా. సూప్ ఎక్కడ తాగను? జిమ్‌కు మొత్తం 19 రోజులు వెళ్లా. రోజుకు 700 పైనే పడింది. జీతాల లెక్కలు చూడటం నా ఉద్యోగం కాబట్టి ఈ లెక్క ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ ఉద్యోగమే ఒక రకంగా దారి చూపింది. నెలాఖరులో మొత్తం సరిపోకపోతే మేం షీట్ అంతా చెరిపి మళ్లీ రాయం, ఏ వరుసలో తేడా వచ్చిందో వెతుకుతాం. మరి తిండి విషయంలో ప్రతిసారీ కొత్త షీట్ ఎందుకు మొదలుపెడుతున్నా అనిపించింది. దాంతో చార్ట్ పక్కన పెట్టి పిల్లల పాత నోట్‌బుక్‌లో రెండు వారాలు ఒకే ఒక్క విషయం రాశా: ఈరోజు ఎన్ని గంటలకు తప్పింది? ఏం తిన్నానన్నది కూడా కాదు, టైం మాత్రమే. ఆదివారాలతో కలిపి 14 రోజుల్లో 11 రోజులు సాయంత్రం ఐదున్నరకూ ఏడుకూ మధ్యే తప్పింది.

ఎందుకో కళ్లముందే ఉంది. పన్నెండున్నరకు రెండు పుల్కాలు తిన్న మనిషికి ఐదున్నరకు కడుపు మండుతుంది. ఆఫీసు కింద బండి మీద సమోసాలు వేయిస్తుంటారు, చాయ్‌తో రెండు. తార్నాకలోనో హబ్సిగూడలోనో దిగితే మిర్చి బజ్జీ వాసన. ఇంటికొచ్చాక పిల్లల ప్లేట్లో మిగిలిన మ్యాగీ (పారేయడానికి మనసొప్పదు కదా, అమ్మలందరికీ ఉన్న జబ్బే). మళ్లీ పావుతక్కువ పదికి మామూలుగా అన్నం. అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బుద్ధిగా ఉండటమే నా కొంప ముంచింది.

అందుకే నేను మొదట చేసింది తిండి తగ్గించడం కాదు, మధ్యాహ్నం పెంచడం. చార్ట్ రాసినాయన వింటే ఏమంటాడో గానీ, డబ్బాలో అన్నం, గట్టి పప్పు, రెండింతలు కూర, పెరుగు పెట్టుకున్నా. ఐదింటికి గుడాలు. మేం గుడాలంటాం, ఆఫీసులో గుంటూరు అమ్మాయి గుగ్గిళ్లంటుంది, ఏదైనా ఒకటే. రాత్రి పడుకునే ముందు పెద్ద గుప్పెడు శనగలు, దాదాపు 40 గ్రాములు, స్టీలు గిన్నెలో నానేస్తా. పొద్దున పప్పు ఉడికే కుక్కర్లోనే చిన్న గిన్నెలో అవీ పెట్టేస్తా. చెంచా నూనెలో ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి. పైన కొంచెం పచ్చి ఉల్లిపాయ, అది ఆఫీసులో కలుపుకుంటేనే బాగుంటుంది, పొద్దున్నే కలిపితే డబ్బా మూత తీయగానే నాలుగు సీట్ల దాకా వాసన కొడుతుంది. ఈ గుప్పెడులో ఎనిమిది గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అంతకంటే నాకు ముఖ్యం, సమోసా బండి ముందు నుంచి మామూలు మనిషిలా నడిచి వెళ్లగలగడం. ఒక రోజు పెసలు, ఒక రోజు అలసందలు, మర్చిపోతే ఉడికించిన గుడ్డు. చాయ్ మానలేదు. చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి, ఇప్పుడు అర చెంచాకు వచ్చింది. ఉస్మానియా బిస్కెట్ గురించి అడగకండి.

సాయంత్రం సర్దుకున్నాక రాత్రి అన్నం దానంతటదే కొంత తగ్గింది. కొంత అత్తమ్మతో యుద్ధం చేయాల్సి వచ్చింది. ఆమె వడ్డిస్తే గంటె ఆగదు. మొదటి వారం నా కంచం చూసి "గింతేనా? పిట్ట తిన్నట్టు తింటున్నవ్. రేపు మెట్రోల కండ్లు తిరిగి పడితే ఎవలు పట్టుకుంటరు బిడ్డా?" అంది. ఆమెతో వాదిస్తే గెలవలేను. కూరలు తూచే చిన్న మెషీన్ ఒకటి ఉంటే, రోజూ తినేంత అన్నం దాని మీద పెట్టి చూపించా. 450 గ్రాములు. బియ్యం వండితే బరువు దాదాపు మూడింతలవుతుంది కాబట్టి 150 గ్రాముల బియ్యం, రాత్రి ఒక్క పూటకే.

మా ఇంటికి దగ్గర్లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్ఐఎన్ అంటారు. రోజూ దాని పక్క నుంచే వెళ్తూ వాళ్లేం చెప్తారో ఎప్పుడూ చదవలేదు. 2024లో వాళ్లిచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకు ఒక ప్లేట్ గీసి చూపించారు. బియ్యం, గోధుమలు, జొన్నలు అన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు 400, పప్పులు, గుడ్డు, మాంసం లాంటివి 85, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100, గింజలు 35, నూనె, నెయ్యి కలిపి 27. క్వినోవా అక్కర్లేదు, బ్రకోలీ అక్కర్లేదు. మన వంటింట్లో ఉన్నవే, పాళ్లు తిరగబడి ఉన్నాయంతే. అన్నం కొండంత, కూర నంజుకునేంత. ఇప్పుడు నా కంచంలో ముందు కూర పెట్టుకుంటా, మిగిలిన చోట అన్నం. వారంలో రెండు మూడు రాత్రులు జొన్నరొట్టె. అది నేను చేయను, నాకు రాదు. సందు చివర ఒకావిడ సాయంత్రాలు కట్టెల పొయ్యి మీద చేస్తుంది, తెచ్చేసుకుంటాం.

నూనె లెక్క మాత్రం నాకే సిగ్గేసింది. మనిషికి 27 గ్రాములంటే మా ఐదుగురికి రోజుకు 135. పిల్లల లెక్క కొంచెం వేరే అనుకోండి, మోటుగా చూద్దాం. లీటరు ప్యాకెట్ అంటే 910 గ్రాములు, అంటే వారం రావాలి. మా ఇంట్లో నాలుగు రోజులకు అయిపోయేది, నెయ్యి కాక. ఇప్పుడు ప్యాకెట్ కత్తిరించినప్పుడు దాని మీద మార్కర్‌తో తేదీ రాస్తున్నాం. అంతే, ఇంకేం చేయలేదు. తేదీ కనిపిస్తుంటే చెయ్యి తనే ఆగుతోంది. ఆరు రోజులు వస్తోంది.

వాకింగ్ సంగతి. కేబీఆర్ పార్కు, సంజీవయ్య పార్కు, చాలా బాగుంటాయి, ఆ పక్కన ఉండేవాళ్లకు. మా పిల్లల స్కూల్ బస్సు ఏడూ ఇరవైకి, పొద్దున వాకింగ్ అనేది మా ఇంట్లో జరగని పని, దాన్ని వదిలేశా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, అదీ కొంచెం ఊపిరి వేగం పెరిగేలా. అది ఒక్క ముక్కగానే ఉండాలని ఎక్కడా లేదు. రాత్రి తిన్నాక పావుగంట మా అపార్ట్‌మెంట్ చుట్టూ, ఆఫీసుకు ఒక స్టేషన్ ముందే దిగి పావుగంట, మెట్రోలో ఎస్కలేటర్ ఖాళీగా ఉన్నా మెట్లు. తిన్నాక నడిస్తే షుగర్ ఒక్కసారిగా పైకి లేవకుండా ఉంటుంది, కాబట్టి నా లాంటివాళ్లకు రాత్రి పావుగంటకు విలువెక్కువ. ఒక స్టేషన్ ముందు దిగే ఆలోచన మాత్రం రోజూ పని చేయదు. ఫుట్‌పాత్ సగం చోట్ల లేదు, ఉన్నచోట బైకులు ఎక్కిస్తారు. వానొస్తే చెప్పక్కర్లేదు. ఆ రోజు వదిలేస్తా.

కండరాల వ్యాయామం వారానికి రెండు రోజులైనా కావాలట. కుక్కర్ నాలుగు విజిల్స్ వేసేలోపు వంటింటి గోడకు ఆనించి పుషప్స్, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. మొదట్లో ఎనిమిది లేస్తే తొడలు వణికేవి. మా చిన్నది పక్కన నిలబడి లెక్కపెడుతుంది, మోసం చేయనివ్వదు.

పెళ్లిళ్ల దగ్గర నాకు ఇంకా ఒక దారి దొరకలేదు. రాత్రి ఫంక్షన్ అంటే భోజనాలు తొమ్మిదిన్నరకు గానీ మొదలవవు, అప్పటికి స్టార్టర్లే కడుపు నింపేస్తాయి. ఇంట్లో పెరుగన్నం రెండు ముద్దలు తిని బయల్దేరుతున్నా, సగం సార్లు పనిచేస్తుంది. బిర్యానీ మానలేదు. హైదరాబాద్‌లో సింగిల్ అంటే ఇద్దరికి వస్తుందని అందరికీ తెలిసిందే, ఇంట్లో అందరికీ కలిపి రెండు తెచ్చి పెద్ద గిన్నెడు రైతా, ఉల్లిపాయ, కీర పెట్టుకుంటాం. రంజాన్ నెలలో హలీం వారానికి ఒకసారి. ఆ నెలలో నోట్‌బుక్ తీయను.

ఏడాదిన్నర తర్వాత బరువు 68.5, నడుము 87, హెచ్‌బీఏ1సీ 5.6. నడుము 80కి రాలేదు, వస్తుందని నమ్మకం కూడా లేదు. మధ్యలో ఒక మే నెలలో ఎండకు నడక పూర్తిగా ఆగిపోయి రెండు కిలోలు తిరిగొచ్చాయి, వాటిని దించడానికి దసరా దాకా పట్టింది. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా: మీరు ఇప్పటికే షుగర్ మాత్రలు వాడుతుంటే, తిండి పాళ్లు మార్చే ముందు డాక్టర్‌ను అడగండి. మాత్ర అదే ఉంచి అన్నం తగ్గిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు.

మీరు క్యాబ్‌లో వెళ్తారు కాబట్టి నాకు లేని ఒక సౌకర్యం మీకుంది. మెట్రోలో తినకూడదు, నేను ఐదింటికే డెస్క్ దగ్గర ముగించాలి. మీరు క్యాబ్‌లోనే డబ్బా తెరవచ్చు, పచ్చి ఉల్లిపాయ లేకపోతే డ్రైవర్ కూడా ఏమనడు. అయితే ముందు ఆ రెండు వారాల టైం రాసి చూడండి. మీకు తప్పేది సాయంత్రమే కావాలని లేదు. మా ఆయన కూడా రాశాడు. ఆయనకు రాత్రి పదకొండున్నరకు తప్పుతోంది, ఫోన్ చూస్తూ, మిక్చర్ డబ్బా దగ్గర. దానికి గుడాలు పనిచేయలేదు. డబ్బా అత్తమ్మ బీరువాలోకి వెళ్లింది.