రంగు తప్పింది కంట్లోనా, మానిటర్‌లోనా?

ప్ర: పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాం. మానిటర్‌లో పట్టుచీర, పసుపు, కుంకుమ అన్నీ నిండుగా కనిపిస్తాయి. ల్యాబ్ నుంచి ప్రింట్లు మాత్రం చీకటిగా వస్తున్నాయి. తప్పు మాదా, ల్యాబ్‌దా?
– ఒక స్టూడియో యజమాని, తెనాలి

జ: రంగు మారడం కన్నా చీకటిగా రావడమే మీ బాధ అయితే, ముందు మీ మానిటర్ బ్రైట్‌నెస్‌ను అనుమానించండి. కొత్త మానిటర్లు చాలావరకు 250 నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దగ్గరో, ఆ పైనో వెలుగుతాయి. ప్రింటు తనంతట తాను వెలగదు కదా, గదిలో వెలుతురు ఎంత పడితే అంతే కనిపిస్తుంది. అంత వెలిగే తెర ముందు కూర్చుంటే మీకు తెలియకుండానే ఫొటోను ముదురు చేసేస్తారు. ప్రింటు కోసం చేసే పనికి 80 నుంచి 120 నిట్స్ సరిపోతాయి.

కొలిచే పరికరం లేకపోతే మీ కెమెరానే అందాజుగా కొలుస్తుంది. గది లైట్లు ఆర్పి, తెరనిండా ఖాళీ తెల్ల పేజీ పెట్టండి. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్/8 పెట్టి, ఫ్రేమంతా తెలుపే నిండేలా దగ్గరికి వెళ్లండి. ఫోకస్‌ను అనంతం దగ్గర వదిలేయండి, తెర మసకగా ఉండాలి. మీటర్ సున్నా చూపించే షట్టర్ స్పీడ్ 1/13 అయితే తెర సుమారు 100 నిట్స్. 1/30 వస్తే 250కి దగ్గరగా ఉన్నట్టు. బ్రైట్‌నెస్ తగ్గిస్తూ 1/13కి తీసుకురండి. ఎఫ్/2.8తో వేగంగా కొలవకండి. కొన్ని మానిటర్ల బ్యాక్‌లైట్ కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంది, షట్టర్ వేగం పెరిగితే కొలత తప్పుతుంది.

అప్పటికీ తేడా ఉంటే ల్యాబ్‌ను పరీక్షించండి. నలుపు నుంచి తెలుపు దాకా బూడిద గడులు, ఒక ముఖం, ఒక పట్టుచీర ఉన్న ఫైలును ఎస్ఆర్‌జీబీలో (తెరలు, ల్యాబ్‌లు మామూలుగా వాడే రంగుల పరిధి), ప్రొఫైల్‌తో (ఆ పరిధి ఏదో చెప్పే సమాచారం) సహా సేవ్ చేసి, కరెక్షన్ వద్దని స్పష్టంగా రాసి పంపండి. ఇది ముఖ్యం. ఆటో కరెక్షన్ ఫొటో మొత్తం సగటున బూడిదరంగులో ఉండాలనుకుంటుంది. పెళ్లికూతురికి నలుగు పెట్టే ఫొటోలో పసుపు ఎక్కువ కనబడగానే దాన్ని తప్పుగా లెక్కేసి నీలం కలుపుతుంది. పసుపు వెలిసిపోతుంది, ముఖాలు పాలిపోతాయి.

వచ్చిన ప్రింటును ట్యూబ్‌లైటు కింద చూసి తీర్పు చెప్పకండి. ఐఎస్ఓ 3664 ప్రమాణం ప్రకారం ప్రింటు చూడాల్సింది డీ50 అనే, పగటి వెలుతురులాంటి ప్రామాణిక వెలుతురులో. నిశితంగా పోల్చడానికి 2000 లక్స్ (ప్రింటుమీద పడే వెలుతురు కొలత), మామూలుగా చూడటానికి 500 లక్స్. ఆ దీపం లేకపోతే పగటిపూట ఎండ నేరుగా పడని కిటికీ పక్కన చూడండి. ఎడిటింగ్ గది గోడలకు గులాబీ, ఆకుపచ్చ రంగులుంటే మానిటర్ చుట్టుపక్కలైనా బూడిదరంగు వేయించండి. ఒక్క ప్రింటుతో కలిసేలా మానిటర్ రంగు బటన్లు తిప్పడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ ప్రింటు కలుస్తుంది, తర్వాత చేసే ప్రతి ఫొటో తప్పుతుంది.

ప్ర: చుక్కల్లో అంకెలు కనిపెట్టే పరీక్ష ఫోన్‌లో చేస్తే కొన్ని తప్పాను. ఫొటోగ్రఫీ మానేయాలా?
– ఒక విద్యార్థి, వరంగల్

జ: మానేయొద్దు. ముందు ఆ పరీక్షను నమ్మొద్దు. అది జపాన్ కంటి వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన పలకల నకలు. అచ్చు పుస్తకంలో రంగులను కొలిచి మరీ వేస్తారు. ఫోన్ తెర వాటిని తన ఇష్టానికి మార్చేస్తుంది కాబట్టి అందులో పాసైనా, తప్పినా నిజం తేలదు. కంటి ఆసుపత్రిలో పగటి వెలుతురులాంటి దీపం కింద, 75 సెంటీమీటర్ల దూరంలో, పలకకు మూడు సెకన్ల చొప్పున చూపిస్తారు. అక్కడ చేయించుకోండి.

ఇషిహారా చెప్పేది ఎరుపు-ఆకుపచ్చల లోపం ఉందా లేదా అన్నంతవరకే. దగ్గరి ఛాయలను మీ కన్ను ఎంత సన్నగా విడదీస్తుందో తెలియాలంటే ఫార్న్స్‌వర్త్-మన్సెల్ 100 హ్యూ పరీక్ష కావాలి. పేరులో 100 ఉన్నా బిళ్లలు 85, నాలుగు పెట్టెల్లో ఉంటాయి. రెండు కొసల్లో కదలని బిళ్లలుంటాయి, మధ్యవాటిని ఛాయల వరుసలో పేర్చాలి. తప్పుల స్కోరు 16 లోపైతే చాలా నిశితమైన చూపు. 20 నుంచి 100 దాకా మామూలు. 100 దాటితే ఛాయలు విడదీయడం కష్టమని అర్థం. పసుపురంగు బల్బు కింద చేస్తే స్కోరు చెడిపోతుంది. బిళ్లల పైభాగాన్ని వేలితో తాకకూడదు, జిడ్డు అంటుకుంటే రంగే మారిపోతుంది.

ఎరుపు-ఆకుపచ్చ లోపం నిజంగానే తేలిందనుకోండి. మీకు తెలియకుండా జరిగే తప్పు ఎక్కువగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని టింట్ స్లైడర్ దగ్గర, అంటే ఆకుపచ్చ-మెజెంటా మధ్య జరుగుతుంది. టెంపరేచర్ స్లైడర్ నడిచేది నీలం-పసుపుల మధ్య కాబట్టి అక్కడ మీ కన్ను చాలావరకు పనికొస్తుంది. అందుకని టింట్‌ను కంటితో తేల్చకండి. ప్రతి వెలుతురులో ఒక గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిద అట్ట) ఫొటో తీసి, సాఫ్ట్‌వేర్‌లోని వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో దానిమీద నొక్కండి. చర్మానికి ఫొటోషాప్ ఇన్ఫో ప్యానెల్‌లో సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల) అంకెలు చూడండి. పసుపు, మెజెంటా దాదాపు సమానంగా ఉండి పసుపు కాస్త ఎక్కువగా, సయాన్ రెండింటికన్నా బాగా తక్కువగా ఉండాలి. మెజెంటా పైకొస్తే ముఖం ఎర్రబడినట్టు, మరీ కిందికి పోతే కామెర్లు వచ్చినట్టు ఉంటుంది.

ప్ర: మానిటర్ రంగులను కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ కొన్నాను. చేశాక తెలుపు ఆకుపచ్చగా కనిపిస్తోంది. పరికరం పాడైందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: చాలాసార్లు తప్పు పరికరంలో కాదు, సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లైట్ రకం తప్పుగా ఎంచుకోవడంలో ఉంటుంది. మామూలు తెల్ల ఎల్ఈడీకి, ఎక్కువ రంగులు చూపే వైడ్ గామట్ ఎల్ఈడీకి వెలుతురు కూర్పు వేరు. మానిటర్ మోడల్ వివరాలు చూసి సరైనది ఎంచుకుని, మొదటినుంచి మళ్లీ చేయండి.

ముందు మానిటర్‌ను అరగంట వెలిగి ఉండనివ్వండి. నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేయండి. మానిటర్‌ను రీసెట్ చేసి యూజర్ మోడ్‌లో పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో పెట్టాల్సిన లక్ష్యం డీ65 (తెలుపు ఛాయ), గామా 2.2 (నలుపు-తెలుపుల మధ్య ఛాయల వెలుగు), 100 నిట్స్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్ బటన్లను తగ్గించడమే తప్ప పెంచకండి. పెంచితే లేత రంగుల్లో వివరాలు పోతాయి. చివర వెరిఫికేషన్‌లో సగటు డెల్టా ఈ (ఉండాల్సిన రంగుకూ, తెర చూపే రంగుకూ తేడా) 2 లోపు వస్తే స్టూడియో పనికి నిశ్చింతగా వాడొచ్చు. తర్వాత ఆ బటన్లు ముట్టకుండా నెలకోసారి మళ్లీ చేయండి. పరికరంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే ఆర్గిల్ సీఎంఎస్ అనే ప్రోగ్రాం మీద నడిచే డిస్‌ప్లేక్యాల్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఒక్క సంగతి మరువకండి. కాలిబ్రేషన్ ఉన్న రంగులను సరిచేస్తుంది, లేని రంగులను తేలేదు. ఎస్ఆర్‌జీబీలో అరవై శాతమే చూపే చవక ల్యాప్‌టాప్ తెరమీద రాణీరంగు చీర ఎన్నిసార్లు కాలిబ్రేట్ చేసినా వెలిసినట్టే కనిపిస్తుంది.

ప్ర: హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాక నలుపు బూడిదగా తేలిపోతోంది.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జ: గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ను టీవీ అనుకుని, నలుపు-తెలుపులకు 0 నుంచి 255 దాకా పంపాల్సింది 16 నుంచి 235 దాకానే అంకెలు పంపుతోంది. డ్రైవర్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ రేంజ్‌ను లిమిటెడ్ నుంచి ఫుల్‌కి మార్చండి. తర్వాతే కాలిబ్రేట్ చేయండి.

ప్ర: నాకు 61 ఏళ్లు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ కంటితో తెలుపు నీలంగా, రెండో కంటితో పసుపుగా ఉంది. ఏది నిజం?
– ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్, రాజమహేంద్రవరం

జ: వయసుతో కంటి కటకం పసుపుపడి నీలాన్ని అడ్డుకుంటుంది. అది మెల్లగా జరుగుతుంది కాబట్టి ఇన్నాళ్లూ మీకు తెలియలేదు. కొత్త కటకం ఆ నీలాన్ని లోపలికి పంపుతోంది. కొన్ని వారాల్లో మెదడు సర్దుకుంటుంది. రెండో కన్ను కూడా అయి, చూపు కుదురుకునేదాకా వైట్ బ్యాలెన్స్‌ను గ్రే కార్డుకీ, మానిటర్‌ను కాలిబ్రేటర్‌కీ వదిలేయండి. కూర్పు, ఎంపిక, రీటచింగ్ మీరే చేసుకోవచ్చు.