గ్రీన్స్‌బరో ఏ అండ్ టీలో మన పిల్లలకి సీటిస్తారా? ఖర్చెంత?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలోని క్యారీలో ఉంటాం. నాది హెచ్-1బీ ఉద్యోగ వీసా, పాపది దాని మీద వచ్చే హెచ్-4. నార్త్ కరోలినా ఏ అండ్ టీ నల్లవాళ్ల యూనివర్సిటీ కదా, మనవాళ్లని తీసుకుంటారా? ఫీజు తక్కువంటున్నారు, నిజమేనా?

జవాబు:

తీసుకుంటారండీ. 1891లో పెట్టిన ప్రభుత్వ యూనివర్సిటీ అది. సీటు మార్కులూ సబ్జెక్టులూ చూసి ఇస్తారు, రంగు చూసి కాదు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో తెల్లవాళ్లకే వడ్డించే ఊల్‌వర్త్ దుకాణం భోజనం కౌంటర్ దగ్గర కూర్చుని దేశాన్ని కదిలించిన నలుగురూ ఇక్కడి ఫస్టియర్ కుర్రాళ్లే. అయినా మన వాట్సాప్ గ్రూపుల్లో "ఆ పేరే వినలేదే" అంటారు. ర్యాంకుల జాబితా తప్ప ఇంకేమీ చదవని పెద్దమనుషుల్ని అడిగితే అంతే మరి.

సీటు కంటే ముందు ఆర్‌డీఎస్ సంగతి చూసుకోండి, అంటే మీది రాష్ట్రం ఫీజా, బయటి రాష్ట్రం ఫీజా అని తేల్చే చోటు. రాష్ట్రంలో 12 నెలలుగా స్థిరంగా ఉంటున్నామని అక్కడ తేల్చుకోవాలి. హెచ్-4 పిల్లలు కూడా అడగొచ్చు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్లకి కుదరదు. అమ్మానాన్నల లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, ట్యాక్సు కాగితాల్లో తేదీలు ఒకదానికొకటి కలవాలి. అవి కలవకపోయినా, అడిగిన కాగితం గడువులోగా పంపకపోయినా బయటి రాష్ట్రం రేటే పడుతుంది. తేడా వందల్లో ఉండదు, వేలల్లో ఉంటుంది. ఫ్యాఫ్సా (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం దరఖాస్తు) మాత్రం హెచ్-4 వాళ్లకి పనికిరాదు.

ఇక ట్యూషన్ తక్కువన్నది నిజమే, బిల్లు తక్కువన్నదే అబద్ధం. ఇంకా చవక కావాలంటే ఎలిజబెత్ సిటీ స్టేట్ ఉంది. అది కూడా నల్లవాళ్ల కోసం పెట్టిందే. ఎన్‌సీ ప్రామిస్ అనే రాష్ట్ర పథకం కింద రాష్ట్రం పిల్లలకి డిగ్రీ ట్యూషన్ సెమిస్టరుకి 500 డాలర్లు. కానీ అక్కడ తప్పనిసరి ఫీజులు ట్యూషన్‌ని మించిపోతాయి. వాటి మీద హాస్టలూ, భోజనం ప్లానూ.

అందరూ బోల్తా పడేది ఇన్సూరెన్సు దగ్గర. ఆరు క్రెడిట్లు, ఆపైన తీసుకుంటే స్టూడెంట్ హెల్త్ ప్లాను దానంతటదే బిల్లులో చేరిపోతుంది. మీ ఆఫీసు ఇన్సూరెన్సులో పాప ఉన్నా సరే, మీరు వేవర్ (మాకు వేరే ఇన్సూరెన్సు ఉంది, ఇది వద్దు అనే దరఖాస్తు) పెట్టేదాకా అది పోదు. ఆగస్టులో పెట్టేసి హమ్మయ్య అనుకుంటారు. జనవరిలో మళ్లీ పడుతుంది, ఎందుకంటే వేవర్ సెమిస్టరు సెమిస్టరుకీ పెట్టాలి. గడువు దాటాక ఎంత బతిమాలినా తీయించడం కష్టం. కార్డు మీది మెంబర్ నంబరు, పాప పుట్టినతేదీ ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర ఉన్నట్టే రాయండి. ఒక్క అంకె తేడా వచ్చినా వేవర్ తిప్పి పంపేస్తారు. పెట్టాక కూడా "అప్రూవ్డ్" అని వచ్చిందో లేదో చూసుకోండి, "సబ్మిటెడ్" అంటే అయిపోయినట్టు కాదు.

హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో 5కి 3 వచ్చినా ఏ అండ్ టీలో క్రెడిట్ ఇస్తారు, స్కోరు ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు నుంచే పంపించండి. క్యాంపస్ చూడ్డానికి మాత్రం పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ వారంలో వెళ్లకండి, గ్రీన్స్‌బరోలో హోటల్ గది దొరకదు.