చూడ చూడ: యతి తప్పలేదు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి పదో తరగతి. మొన్న ఛందస్సు చదువుతూ, ‘ఉప్పు కప్పురంబు’ పద్యం రెండో పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’లో యతి తప్పిందన్నాడు. ‘చూ’కి ‘జా’ ఎలా కుదురుతుంది? ‘చూడ చూడ’ అని రెండుసార్లు అన్నది గణాలు నింపడానికేనా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెవి మంచిది. ఎక్కువ సేపు పలికే గురువులు, తక్కువ సేపు పలికే లఘువులు కలిసిన చిన్న గుంపు గణం. ఈ పద్యంలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవడం యతి. చ, జ లకు యతి చెల్లుతుంది గానీ వాటి మీది అచ్చులకూ మైత్రి ఉండాలి. ఊకారానికీ ఆకారానికీ అది లేదు. అయితే ఈ పద్యం ఆటవెలది, అందులో యతికి బదులు ప్రాసయతి వేయవచ్చు. మొదటి గణంలో రెండో అక్షరమూ, నాలుగో గణంలో రెండో అక్షరమూ కలవాలి. ‘చూడ’లో డ, ‘జాడ’లో డ. వాటి ముందున్న చూ, జా రెండూ గురువులే. వేమన తప్పలేదు.

పద్యం ఒకసారి పైకి చదవండి.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

ఉప్పు, కప్పు. రెంటికీ తేడా ఒక్క మొదటి అక్షరమే. కంటికే కాదు, చెవికి కూడా అవి ఒక్క పోలికే! రెండో పాదంలో అయిదూ సూర్యగణాలు, అంటే గురువు తర్వాత లఘువు గానీ, మూడు లఘువులు గానీ. చూడ, చూడ, జాడ, వేరు: ఈ నాలుగూ గురువు తర్వాత లఘువు. నడుమ ‘రుచుల’ ఒక్కటే మూడు లఘువులు. తేడా ఉన్నది రుచిలోనని పద్యం అంటోంది, నడక మారిందీ ఆ మాట దగ్గరే. కవి లెక్కవేసి పెట్టాడని నేననను. కానీ యాభై ఏళ్లుగా చదువుతున్నా నా నాలుక అక్కడికి రాగానే పరుగందుకుంటుంది.

ఇక ‘చూడ చూడ’. ఒకటి తీసేసి చదివితే ఏం పోతుందో తెలుస్తుంది. ‘చూడ’ అంటే ఒక్క చూపు. ‘చూడ చూడ’ అంటే రోజులు. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నదీ ఈ పద్ధతే. మా నాయనమ్మ కర్పూరం డబ్బాలో నాలుగు మిరియాలు వేసి ఉంచేది, హరించుకుపోకుండా. చిన్నప్పుడు ఆ డబ్బాలోంచి ఒక పలుకు తీసి, ఉప్పనుకుని జామకాయ ముక్క మీద నలుపుకున్నాను. ఆ ఘాటు నషాళానికంటాక గానీ నాకు రెండో పాదం అర్థం కాలేదు.

మూడో పాదంలో ‘పురుషు’లన్న మాటే మళ్లీ వస్తుంది, ఈసారి ముందు ‘పుణ్య’ చేరి. రెండో పాదం చివరి ‘వేరు’ ఇక్కడ ‘వేరయా’ అయింది. వస్తువుల గురించి చెప్పినప్పుడు వట్టి ‘వేరు’, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేసి పిలిచినట్టు ‘అయా’. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పిలుపే. కొన్ని ప్రతుల్లో ‘వేరయ’ అని ఉంటుంది. అప్పుడు ర గణం (గురువు, లఘువు, గురువు) పోయి భ గణం (గురువు, రెండు లఘువులు) వస్తుంది, అదీ ఆ చోట ఉండదగిన ఇంద్రగణమే.

మీ అబ్బాయిని ఆ ‘తినగ తినగ’ పద్యం మొదటి పాదం ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు’ గణాలు విడదీయమనండి. అక్కడ యతి ‘మ’ దగ్గర పడుతుంది. అకారానికి ‘మ’ ఎలా కుదిరిందో తనే చెప్పాలి. ‘రాగము’, ‘అతిశయిల్లు’ అని సంధి విప్పితే దొరుకుతుంది.