డార్క్ మ్యాటర్ వెతకబోతున్న మా చిన్నికి

చిన్నీ,

పీహెచ్‌డీకి డార్క్ మ్యాటర్ (కంటికి కనబడకుండా, గురుత్వాకర్షణ వల్లే జాడ తెలిసే పదార్థం) వెతికే గ్రూపులో చేరుతున్నావని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచి ఒక పక్క గర్వం, ఇంకో పక్క టెన్షన్. భూమి లోపల, ఆ కణాలు తగిలితే పట్టుకోవడానికి పెట్టిన ద్రవ జెనాన్ ట్యాంకు పక్కన, రాత్రి షిఫ్టులు కూడానట!

స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకో, కోడ్ శుభ్రంగా రాయి, లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే నింపు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చెప్పాలనుకున్నది 17 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల బరువుందనుకున్న న్యూట్రినో గురించి, అదే, దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే ఆ కణం. మీ తరంలో చాలామంది దాని పేరు కూడా విని ఉండరు. 1985లో కెనడాలో జాన్ సింప్సన్ ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) బీటా క్షయాన్ని, అంటే కేంద్రకం నుంచి ఎలక్ట్రానూ న్యూట్రినో బయటపడటాన్ని, కొలిస్తే, ఎలక్ట్రాన్ల శక్తి గ్రాఫులో ఒకచోట చిన్న వంపు కనబడింది. బరువైన న్యూట్రినో ఒకటి ఉంటే సరిగ్గా అలాంటి వంపే వస్తుంది. ఆ తర్వాత కొన్ని ల్యాబులకు అది కనబడింది, కొన్నిటికి కనబడలేదు. మా కాలంలో టీ తాగడానికి నలుగురం కలిస్తే ఇదే వాదన, ఎవరూ తగ్గేవాళ్లు కాదు. అలాగే బీటా క్షయమయ్యే సల్ఫర్-35తో ఆ వంపు చూసినవాళ్లలో ఆండ్రూ హైమ్ ఒకడు. ఎలక్ట్రాన్లు పరికరంలోని అడ్డుపలకలకు తగిలి కొంత శక్తి పోగొట్టుకుని డిటెక్టర్‌కి చేరుతున్నాయనీ, వంపు అక్కడి నుంచే వస్తోందనీ తర్వాత లెక్కగట్టి చూపించిందీ అతనే. ఆ నిజాయితీకి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

అమెరికాలోని ఆర్గోన్ నేషనల్ ల్యాబ్ వాళ్లు 1993లో చేసింది ఇంకా బాగుంటుంది. సల్ఫర్-35లో కావాలనే కాస్త కార్బన్-14 కలిపారు. అదీ బీటా క్షయమయ్యేదే, దాని ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తి కొంచెం తక్కువ కాబట్టి గ్రాఫులో వంపు రావాలి, వచ్చింది కూడా. కలపనప్పుడు రాలేదు. దాంతో, ఆ న్యూట్రినో ఉండి ఉంటే మాకు కనబడేదే అని ధైర్యంగా చెప్పగలిగారు. నీ డిటెక్టర్ గురించి నువ్వు అలా చెప్పగలవా? ముందు అది చూసుకో.

ఇదేదో పాతకాలం కథ అనుకోకు. 2020లో జెనాన్1టీ అనే డార్క్ మ్యాటర్ డిటెక్టర్‌లో తక్కువ శక్తి దగ్గర లెక్కకు మించి సంకేతాలు వచ్చాయని ఎంత హడావుడి జరిగింది! నేపథ్య రేడియోధార్మికత బాగా తగ్గించిన దాని తర్వాతి డిటెక్టర్ జెనాన్ఎన్‌టీలో 2022కల్లా అవి లేవు. పైగా, సూర్యుడిలో బోరాన్-8 క్షయం నుంచి వచ్చే న్యూట్రినోలు జెనాన్ కేంద్రకాన్ని తాకితే అచ్చం తేలికైన డార్క్ మ్యాటర్ కణం తాకినట్టే ఉంటుంది. కాబట్టి న్యూట్రినోల పాఠం పక్కన పెట్టకు తల్లీ.

ఇంకొకటి, దీని గురించి మాత్రం తిడతాను. నైట్రోజన్‌కీ జెనాన్‌కీ వాసన ఉండదు, లీకైతే గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతున్నట్టు మనిషికి తెలియను కూడా తెలియదు. అలారం మోగిందంటే, రన్ మధ్యలో ఉన్నా, అది ఉత్తుత్తి అలారమే అని ఎవరన్నా, అన్నీ వదిలేసి బయటికి రా. షిఫ్టు అయి పైకి రాగానే నాకో మెసేజ్ పెట్టు, ఏ వేళైనా సరే.

మీ పెదనాన్న